కారు అద్దాలకు జలవికర్షక పూత

కారు అద్దాలకు జలవికర్షక పూత అనేది గాజు మీద పడిన వాన నీరు పొరలా పరచుకోకుండా, గుండ్రని బొట్లుగా విడిపోయి తేలికగా జారిపోయేటట్లు చేసే అతి పలుచని రసాయన పొర. కారు ముందు అద్దానికి, తలుపు అద్దాలకు, వెనుక అద్దానికి, వెనుక వచ్చే వాహనాలను చూపే పక్క అద్దాలకు దీనిని పూస్తారు. ఇది సాధారణంగా చిన్న సీసాలో ద్రవ రూపంలో లభిస్తుంది. వాహన యజమాని ఇంటి వద్దనే దీనిని వేసుకోవచ్చు.

వర్షంలో వాహనం నడిపేవారికి చూపు స్పష్టంగా ఉండటం ఈ పూత ప్రయోజనం. అయితే ఇది వైపరుకు తోడు మాత్రమే, వైపరుకు బదులు కాదు. వాహనం వేగంగా కదులుతున్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. నెమ్మదిగా కదులుతున్నప్పుడు బొట్లు అద్దం మీదనే నిలిచి, చూపుకు ఆటంకం పెరగవచ్చు కూడా. సముద్ర తీరంలో ఉప్పుగాలి వల్ల పూత గుణం త్వరగా మరుగున పడుతుంది. ఈ విషయాలను వివరించడానికి ఈ వ్యాసంలో తిరుపతి జిల్లాలోని సూళ్లూరుపేట ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకోవడమైనది.

సూళ్లూరుపేట ప్రాంతపు పరిస్థితులు

సూళ్లూరుపేట పట్టణం చెన్నైకి ఉత్తరంగా సుమారు 80 కి.మీ. దూరంలో, చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి మీద ఉన్నది. పూర్వం 5వ నంబరుగా ఉన్న ఈ రహదారి 2010 నాటి పునర్వ్యవస్థీకరణతో 16వ జాతీయ రహదారి అయింది. పట్టణం నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరింది. ఇక్కడి నుండి తూర్పుగా పులికాట్ సరస్సు మీదుగా వేసిన రోడ్డు శ్రీహరికోటకు, అక్కడి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రానికి వెళ్తుంది. ఈ దూరం సుమారు 18 కి.మీ. అంతరిక్ష కేంద్ర ఉద్యోగుల నివాస కాలనీలు సూళ్లూరుపేటలో ఉండటం వల్ల ఈ దారిలో రోజూ రాకపోకలు జరుగుతుంటాయి.

వాహనపు అద్దం దృష్ట్యా ఈ ప్రాంతానికి మూడు ప్రత్యేకతలు ఉన్నాయి.

మొదటిది వర్షకాలం. నైరుతి రుతుపవనాల కంటే ఈశాన్య రుతుపవనాలే ఈ తీరానికి ముఖ్యం. ఏడాది వర్షపాతంలో సగానికి మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. వాయుగుండాలు, తుఫానులు ఎక్కువగా ఈ నెలల్లోనే వస్తాయి. 1984 నవంబరులో ఒక తీవ్ర తుఫాను శ్రీహరికోట సమీపంలో తీరం దాటింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను తీరం వెంబడి ఉత్తరానికి కదిలి 5వ తేదీన బాపట్ల వద్ద తీరం దాటే ముందు నెల్లూరు, తిరుపతి జిల్లాల తీర మండలాల్లో భారీ వర్షాలు కురిపించింది. ఈ నెలల్లో పగలు తక్కువ కావడం వల్ల సాయంత్రపు ప్రయాణం చీకటిలోనూ వానలోనూ సాగుతుంది.

రెండవది ఉప్పుగాలి. ఒకవైపు బంగాళాఖాతం, మధ్యలో భారతదేశంలో చిలికా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు అయిన పులికాట్ ఉండటం వల్ల గాలిలో సూక్ష్మమైన ఉప్పు రేణువులు ఉంటాయి. ఇవి ఆరుబయట నిలిపిన వాహనాల అద్దాల మీద పేరుకుంటాయి.

మూడవది ప్రయాణ వేగంలో తేడా. జాతీయ రహదారి మీద కార్లు గంటకు 80 కి.మీ. లేదా అంతకు మించిన వేగంతో పోతాయి. పట్టణంలోను, సరస్సు మీది రోడ్డు పైన ఎదురుగాలి, వర్షం ఉన్నప్పుడును వేగం బాగా తగ్గుతుంది. ఒకే ప్రయాణంలో పూత పనిచేసే పరిస్థితి, పనిచేయని పరిస్థితి రెండూ ఎదురవుతాయి.

నీరు గాజును ఎందుకు అంటుకుంటుంది

నీటి అణువులు ఒకదానినొకటి ఆకర్షించుకుంటాయి. దీనిని సంసంజనం అంటారు. ఈ ఆకర్షణ వల్లనే నీటి ఉపరితలం సాగదీసిన పొర వలె ప్రవర్తిస్తుంది. ఈ ధర్మమే తలతన్యత. 25° సెల్సియస్ వద్ద నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. సాధారణ ద్రవాలలో ఇది చాలా ఎక్కువ. నీటి అణువులకు ఇతర పదార్థంతో ఉండే ఆకర్షణను ఆసంజనం అంటారు.

గాజు ప్రధానంగా సిలికాతో తయారవుతుంది. గాజు ఉపరితలం మీద సిలికాన్‌కు అంటిపెట్టుకొని హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. ఇవి నీటి అణువులతో హైడ్రోజన్ బంధాలను ఏర్పరుస్తాయి. అందువలన శుభ్రమైన గాజు మీద నీరు పరచుకుంటుంది.

ద్రవపు బొట్టు అంచు ఘన ఉపరితలంతో చేసే కోణాన్ని స్పర్శ కోణం అంటారు. తలతన్యతలకు, స్పర్శ కోణానికి గల సంబంధాన్ని ఆంగ్ల శాస్త్రవేత్త థామస్ యంగ్ 1805లో వివరించాడు. కోణం 90° కంటే తక్కువైతే ఉపరితలం నీటిని ఇష్టపడేది, ఎక్కువైతే నీటిని వికర్షించేది అని చెబుతారు. బాగా కడిగిన గాజు మీద ఈ కోణం చాలా చిన్నది. సిలికోన్ పూత వేసిన గాజు మీద ఇది సుమారు 100° నుండి 105° వరకు, ఫ్లోరిన్ గల పూత మీద సుమారు 110° వరకు ఉంటుంది. నున్నని ఉపరితలం మీద ఏ పూతతోనైనా 120°ను మించడం సాధ్యం కాదు. అంతకు మించాలంటే ఉపరితలం గరుకుగా ఉండాలి. తామరాకు మీద నీటిబొట్టు నిలవకపోవడానికి కారణం ఇదే. తామరాకు మీది సూక్ష్మమైన బుడిపెలు, వాటిపై ఉండే మైనపు నలుసులు కలిసి స్పర్శ కోణాన్ని 150°ను మించేటట్లు చేస్తాయి. అయితే గరుకు ఉపరితలం కాంతిని చెదరగొడుతుంది, అరుగుదలకు తట్టుకోదు. వైపరు రోజూ రుద్దే ముందు అద్దానికి తామరాకు పద్ధతి నేరుగా పనికిరాకపోవడానికి ఇవే కారణాలు.

నీరు చూపును ఎలా చెరుపుతుంది

అద్దం మీద నీరు సమానమైన మందంతో పొరలా ఉంటే దాని గుండా చూడటం కష్టం కాదు. కాని వాస్తవంలో అద్దం మీద ధూళి, నూనె జిడ్డు, కీటకాల మరకలు ఉండటం వల్ల నీరు ఒకచోట పరచుకొని, మరొకచోట గుంపు కట్టి, వంకర టింకరగా నిలుస్తుంది. నీటి మందం మారిన ప్రతిచోటా కాంతి వక్రీభవనం మారుతుంది. అందువల్ల రోడ్డు అంచు, ముందు వాహనం అలలు అలలుగా కనిపిస్తాయి. రాత్రి వేళ ప్రతి బొట్టు ఒక చిన్న కటకం వలె పనిచేసి ఎదుటి వాహనపు దీపాన్ని అద్దమంతా చెదరగొడుతుంది. ఇటువంటి వెలుగు వెనుక దీపాలు లేని సైకిలు గాని, రోడ్డు దాటుతున్న మనిషి గాని, పశువు గాని కనిపించక పోవచ్చు.

1997లో అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయపు రవాణా పరిశోధన సంస్థ పూత వేసిన, వేయని ముందు అద్దాలను వర్షపు పరిస్థితులలో పోల్చి చూసింది. పూత ఉన్నప్పుడు చోదకుల చూపు స్పష్టత మెరుగుపడినట్లు, చిన్న వస్తువును గుర్తించడానికి పట్టే సమయం తగ్గినట్లు తేలింది.

పూత పనిచేసే తీరు

రసాయనిక బంధం

జలవికర్షక ద్రవాలలో సిలికాన్ ఆధారిత సంయోగ పదార్థాలు ఆల్కహాలు వంటి ద్రావణిలో కరిగి ఉంటాయి. వీటి అణువులో ఒక కొస గాజును పట్టుకొనేది, మరొక కొస నీటిని దూరం పెట్టేది. గాజు మీద ఉన్న కొద్దిపాటి తేమతో చర్య జరిగి, అణువు మొదటి కొస గాజులోని సిలికాన్‌తో ఆక్సిజన్ ద్వారా గట్టి బంధాన్ని ఏర్పరుస్తుంది. రెండవ కొస బయటికి తిరిగి, హైడ్రాక్సిల్ సమూహాలను కప్పివేస్తుంది. ఇటువంటి పొర మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే. అందుకే అది కంటికి కనిపించదు.

ఈ బంధం గాజుతోనే ఏర్పడాలి. గాజు మీద జిడ్డు ఉంటే పూత జిడ్డుకు అంటుకొని, జిడ్డుతో పాటే పోతుంది. పూత ఎక్కువ కాలం మన్నకపోవడానికి చాలా సందర్భాలలో కారణం ద్రవపు నాణ్యత కాదు, ముందు జరగవలసిన శుభ్రత జరగకపోవడం.

బొట్టు పరిమాణం, గాలి వేగం

పూత వేసిన అద్దం మీద బొట్టును కదిలించేవి రెండు: బొట్టు బరువు, ఎదురుగాలి తాకిడి. దానిని పట్టి ఉంచేది బొట్టు అంచు వద్ద గాజుకు ఉన్న పట్టు. బొట్టు వ్యాసం మూడు రెట్లయితే బరువు 27 రెట్లు, గాలికి ఎదురయ్యే వైశాల్యం 9 రెట్లు అవుతుంది. అంచు వద్ద పట్టు మాత్రం 3 రెట్లే పెరుగుతుంది. అందువలన పెద్ద బొట్లు ముందుగా జారిపోతాయి, చిరుజల్లు తుంపరలు నిలిచిపోతాయి. పెద్ద వానలో బాగా పనిచేసిన పూత తుంపరలో విఫలమైనట్లు కనిపించడానికి కారణం ఇదే.

గాలి పీడనం వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. గంటకు 30 కి.మీ. వేగంలో ఎదురుగాలి కలిగించే పీడనం సుమారు 42 పాస్కల్‌లు, 60 కి.మీ. వద్ద సుమారు 167 పాస్కల్‌లు. వేగం రెట్టింపయితే తాకిడి నాలుగు రెట్లవుతుంది. సాధారణంగా గంటకు 50 - 60 కి.మీ. దాటిన తరువాత బొట్లు అద్దం పైకి పాకుతూ పోవడం కనిపిస్తుంది. ఈ హద్దు అద్దపు వాలును, పూత స్థితిని, బొట్టు పరిమాణాన్ని బట్టి మారుతుంది. నిటారు అద్దం గల వ్యాన్లు, బస్సులలో గాలి ప్రవాహం వేరుగా ఉంటుంది కనుక కారులో కలిగిన ఫలితమే వాటిలో కలగకపోవచ్చు.

చరిత్ర

వాహనపు అద్దం మీది నీటిని తొలగించడానికి మొదట వచ్చినది వైపరు. అమెరికాలోని అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్ చేతితో నడిపే వైపరుకు 1903లో పేటెంటు పొందింది.

జలవికర్షక రసాయనాల చరిత్ర సిలికోన్‌లతో మొదలవుతుంది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన విన్టన్ పాట్నోడ్, సిలికాన్ క్లోరైడు జాతి పదార్థాల ఆవిరి సోకిన వస్తువులు నీటిని వికర్షిస్తున్నట్లు గుర్తించి 1942లో పేటెంటు పొందాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రేడియో పరికరాల పింగాణీ భాగాల మీద తేమ పొర ఏర్పడకుండా ఈ పద్ధతిని వాడారు.

అద్దాల మీద చేతితో రుద్దే ద్రవానికి హోవార్డ్ ఓలెన్‌డార్ఫ్ 1971లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఇందులో సిలికోన్, ఆమ్లం, ఆల్కహాలు ఉంటాయి. ఈ తరహా ద్రవం రెయిన్-ఎక్స్ పేరుతో ప్రసిద్ధి చెందింది. గాజు తయారీ సంస్థ పీపీజీ 1990లలో ఫ్లోరిన్ గల సిలేన్ పూతలను అభివృద్ధి చేసి ఆక్వాపెల్ పేరుతో విడుదల చేసింది. జపానులో సాఫ్ట్99 సంస్థ వారి గ్లాకో ఈ రకానికి చెందిన మరొక ప్రసిద్ధ ఉత్పత్తి.

విమానాలలో కూడా వర్షంలో ముందు అద్దం మీద చల్లే వికర్షక ద్రవాన్ని వాడేవారు. అందులో ఓజోన్ పొరకు హాని చేసే ద్రావణి ఉండటం వల్ల, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత 1990లలో దానిని విరమించి, అద్దానికి ముందుగానే వేసే జలవికర్షక పూతల వైపు మళ్ళారు.

రకాలు

సిలికోన్ రకం: చవక, వేయడం తేలిక. కొన్ని వారాల నుండి రెండు మూడు నెలల వరకు పనిచేస్తుంది.

ఫ్లోరోసిలేన్ రకం: ధర ఎక్కువ. అద్దాన్ని సిద్ధం చేయడంలో మరింత శ్రద్ధ అవసరం. కొన్ని నెలల నుండి ఏడాది వరకు ఉండవచ్చు.

కడిగే నీటిలో కలిపే రకం: వైపరు నీటి తొట్టిలో పోసేది. ప్రభావం స్వల్పం. పాత పూతను కొంతకాలం నిలబెట్టడానికి ఉపకరిస్తుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి కూడా ఉన్నది. టైటానియం డయాక్సైడు పూత అతినీలలోహిత కాంతి సోకినప్పుడు నీటిని వికర్షించదు, సమానమైన పొరగా పరుస్తుంది. ఈ ధర్మాన్ని జపాను శాస్త్రవేత్తలు 1997లో ప్రకటించారు. కొన్ని వాహనాల పక్క అద్దాలలో ఈ పద్ధతిని వాడారు.

పూత వేసే పద్ధతి

పూత వేయడానికి నీడ ఉన్న చోటు, చల్లబడిన అద్దం అవసరం. ఎండలో వేడెక్కిన గాజు మీద ద్రావణి వెంటనే ఆవిరై, పూత మచ్చలుగా మిగులుతుంది. తీర ప్రాంతంలో ఉదయం వేళ అనువైనది. అద్దం మీద మంచు తేమ ఉంటే పూర్తిగా ఆరిన తరువాతనే మొదలుపెట్టాలి.

1. కడగడం: ముందుగా ధారాళంగా నీరు పోసి ఉప్పు, ఇసుక పోగొట్టాలి. పొడిగా తుడిస్తే ఇసుక రేణువులు గాజును గీస్తాయి. తరువాత వాహనాల షాంపూతో కడిగి ఆరబెట్టాలి.

2. మరకలు తీయడం: తారు చుక్కలు, కీటకాల మరకలు, పాత మైనం తొలగించాలి. ఆరిన నీటి మరకలు, పాత పూత పోవడానికి సీరియం ఆక్సైడ్ గల గాజు పాలిష్‌తో తడి గుడ్డను ఉపయోగించి రుద్దాలి. గిన్నెలు తోమే గరుకు పీచు, ఇసుక వాడరాదు.

3. పరీక్ష: అద్దం మీద శుభ్రమైన నీరు పోయాలి. నీరు ఎక్కడా విడిపోకుండా పలుచని పొరగా పరచుకుంటే గాజు సిద్ధమైనట్లు. ఎక్కడైనా నీరు తప్పుకొని పొడి మచ్చ ఏర్పడితే అక్కడ జిడ్డు ఉన్నదని అర్థం. అక్కడ మళ్ళీ రుద్దాలి. ఈ మొత్తం పనిలో ఇది ముఖ్యమైన దశ.

4. చివరి తుడుపు: ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి.

5. పూయడం: మడతపెట్టిన మెత్తని గుడ్డ మీద కొద్దిగా ద్రవం పోసి, అద్దంలో ఒక భాగాన్ని తీసుకొని చిన్న చిన్న వలయాలుగా, వరుసలు ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కేటట్లు రుద్దాలి. ద్రవం కారు రంగు మీద, రబ్బరు మీద పడితే వెంటనే తుడవాలి.

6. తుడవడం: సీసా మీద తెలిపిన సమయం తరువాత అద్దం మీద తెల్లని పొగ వంటి పొర ఏర్పడుతుంది. దానిని కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో, తరువాత పొడి గుడ్డతో పూర్తిగా తుడవాలి. ఈ పొర మిగిలితే రాత్రి ఎదుటి దీపాల చుట్టూ వెలుగు వలయాలు కనిపిస్తాయి.

7. రెండవ పూత: అవసరమైతే మళ్ళీ వేయాలి. తరువాత కొన్ని గంటల పాటు అద్దం తడవకుండా చూడాలి.

పూత వేసే రోజునే వైపరు రబ్బరును పరిశీలించడం మంచిది. ఎండకు గట్టిపడిన రబ్బరు పూత వేసిన అద్దం మీద సాఫీగా జారక టకటకమని ఎగురుతుంది, పూతను కూడా త్వరగా అరగదీస్తుంది.

ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడిన ప్రాంతంలో వేసవి ధూళి, ఉప్పు తొలగించి సెప్టెంబరు చివర లేదా అక్టోబరు మొదట పూత వేయడం, సిలికోన్ రకమైతే నవంబరులో మరొకసారి వేయడం ప్రయోజనకరం. వేసవిలో వేసిన పూత వర్షాలు వచ్చేసరికి ధూళి, వైపరు రాపిడికి చాలా భాగం పోయి ఉంటుంది.

తీర ప్రాంతంలో మన్నిక

సాధారణ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే ఉప్పు చెమర్చి ద్రవంగా మారుతుంది. సముద్ర తీరంలో రాత్రి వేళ ఆర్ద్రత తరచుగా ఈ హద్దును దాటుతుంది. అప్పుడు అద్దం మీది ఉప్పు నలుసులు ఉప్పునీటి పొరగా మారి, పగలు మళ్ళీ ఎండి, తెల్లని పొడిగా మిగులుతాయి. ఈ పొర పూతను నాశనం చేయదు, దానిని కప్పివేస్తుంది. వాన చుక్కకు తగిలేది పూత కాదు, ఉప్పు. అందువలన పూత పోయిందని భావించి మళ్ళీ పూయడానికి ముందు అద్దాన్ని మంచినీటితో కడిగి చూడాలి. చాలాసార్లు గుణం తిరిగి కనిపిస్తుంది.

కడిగే నీరు కూడా ముఖ్యమే. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న కఠిన జలంతో కడిగి తుడవకుండా వదిలితే, పూత వేసిన అద్దం మీద నీరు బొట్లుగా నిలిచి, ప్రతి బొట్టు ఆరినచోట తెల్లని వలయం మిగులుతుంది. పూత లేని గాజు మీద ఇదే నీరు పలుచగా పరచుకొని ఆరుతుంది కనుక మరక అంత స్పష్టంగా కనిపించదు. అంటే బోరు నీటితో కడిగేవారికి పూత వల్ల మరకలు ఎక్కువ కావచ్చు. కడిగిన వెంటనే తుడవడం దీనికి పరిష్కారం.

ఏ అద్దానికి ఎంత ప్రయోజనం

ముందు అద్దం: ప్రయోజనం వేగాన్ని బట్టి ఉంటుంది. వైపరు తిరిగే భాగంలో పూత ముందుగా అరుగుతుంది.

ముందు తలుపుల అద్దాలు: వీటికి సాధారణంగా వైపర్లు ఉండవు. పక్క అద్దంలోకి చూడవలసినది వీటి గుండానే. రాపిడి లేనందున పూత ఎక్కువ కాలం ఉంటుంది. అయితే అద్దం పైకి కిందికి దించేటప్పుడు రబ్బరు పట్టీ రాపిడి ఉంటుంది.

పక్క అద్దాలు: వాటి మీద గాలి తాకిడి తక్కువ కనుక చిన్న బొట్లు నిలుస్తాయి. అయినా నీటి పొర కంటే మెరుగు.

వెనుక అద్దం: వైపరు లేని కార్లకు ఉపయోగకరం. నిటారు వెనుక అద్దం మీద టైర్లు చిమ్మిన బురద నీరు పడుతుంది. పూత దానిని పూర్తిగా ఆపలేదు, కడగడాన్ని సులభం చేస్తుంది.

హెల్మెట్ ముందు పలక: ఇది గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. గాజు కోసం చేసిన ఆల్కహాలు గల ద్రవాలు దీనిని పొగబారేటట్లు లేదా బీటలు వారేటట్లు చేయవచ్చు. ప్లాస్టిక్‌కు పనికివస్తుందని స్పష్టంగా రాసి ఉన్న ద్రవాన్ని మాత్రమే వాడాలి. వాహనపు ముందు దీపాల ప్లాస్టిక్ మూతలకు కూడా ఇదే వర్తిస్తుంది.

పరిమితులు

జలవికర్షక పూత అద్దం లోపలి వైపు పట్టే ఆవిరిని నివారించదు. వానలో కిటికీలు మూసినప్పుడు ప్రయాణికుల ఊపిరి తేమ చల్లని గాజు మీద ఘనీభవిస్తుంది. లోపలి వైపు పూత వేస్తే ఆ తేమ సన్నని బొట్లుగా మారి చూపు మరింత తగ్గుతుంది. లోపలి ఆవిరికి ఏసీని నడిపి గాలిని ముందు అద్దం వైపు మళ్ళించడం సరైన మార్గం. తీర ప్రాంతపు ఉక్కలో ఏసీ వల్ల గాజు చల్లబడి బయటి వైపు కూడా మంచు పట్టవచ్చు. అటువంటప్పుడు వైపరు ఒకసారి తిప్పి, అద్దం మీదికి వచ్చే చల్లగాలిని తగ్గించాలి.

వర్షాన్ని గుర్తించి వైపరును తానే నడిపే సెన్సర్లు గల కార్లలో పరారుణ కాంతి గాజు లోపల సంపూర్ణాంతర పరావర్తనం చెందే తీరును బట్టి నీటిని గుర్తిస్తారు. పూత వల్ల బొట్లు గాజును తాకే వైశాల్యం తగ్గుతుంది కనుక కొన్ని కార్లలో సెన్సరు స్పందన మారవచ్చు. ఇటువంటి కార్లకు, ముందు అద్దం వెనుక కెమెరా గల కార్లకు తయారీదారు సూచనలను చూడాలి.

అన్నిటికంటే ముఖ్యమైన పరిమితి టైర్లకు సంబంధించినది. పూత చూపును మెరుగుపరుస్తుంది గాని రోడ్డు మీద పట్టును పెంచదు. గంటకు 80 కి.మీ. వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. ఘర్షణ గుణకం పొడి రోడ్డుపై 0.7, తడి రోడ్డుపై 0.4 అనుకుంటే, బ్రేకు పడిన తరువాత ఆగడానికి వరుసగా సుమారు 36 మీటర్లు, 63 మీటర్లు పడుతుంది. చోదకుడు స్పందించే ఒక సెకనును కలిపితే మొత్తం 58 మీటర్లు, 85 మీటర్లు అవుతుంది. రోడ్డు మీద నీరు నిలిచినచోట టైరు నీటి మీద తేలిపోతే పట్టు దాదాపు పూర్తిగా పోతుంది. అద్దం మీది బొట్లు ఎగిరిపోవడం కోసం వేగం పెంచడం ప్రమాదకరం. పూత పనిచేసే వేగం, వర్షంలో సురక్షితమైన వేగం ఎల్లప్పుడూ ఒకటి కావు. భారీ వర్షంలో ముందు దారి కనిపించనప్పుడు పూత ఉన్నా లేకున్నా వేగం తగ్గించడం, సురక్షితమైన చోట ఆగడం మాత్రమే మార్గాలు.

చట్టపరమైన విషయాలు

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం ముందు అద్దం గల వాహనాలకు పనిచేసే వైపరు ఉండటం తప్పనిసరి. పూత వేసినందువల్ల ఈ నియమం నుండి మినహాయింపు లేదు. అదే నియమావళిలోని 100వ నియమం ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం కాంతిని పోనివ్వాలని చెబుతుంది. అద్దాలకు నల్లని ఫిల్ములు అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో నిషేధించింది. జలవికర్షక పూత రంగు గల ఫిల్ము కాదు. సరిగా తుడిచిన పూత కాంతిని తగ్గించదు.

ఆరోగ్యం, పర్యావరణం

ఈ ద్రవాలలోని ఆల్కహాలు తేలికగా మండుతుంది. మంటకు దూరంగా, గాలి వచ్చే చోట వాడాలి. కొన్నింటిలో ఆమ్లం ఉంటుంది కనుక చేతి తొడుగులు ధరించడం మంచిది. తుంపరగా చల్లే రకాలు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది. 2006 మార్చిలో జర్మనీలో గాజు, పింగాణీలకు వాడే ఒక వికర్షక స్ప్రే వల్ల దాదాపు వంద మందికి శ్వాస ఇబ్బంది కలిగి, ఆ ఉత్పత్తిని మార్కెట్ నుండి ఉపసంహరించారు. కొన్ని ఫ్లోరోసిలేన్‌లు, ద్రావణులు కలిపిన స్ప్రేలను సామాన్య వినియోగదారులకు అమ్మడాన్ని ఐరోపా సమాఖ్య 2019లో చేసిన నిబంధన ద్వారా నియంత్రించింది. చల్లే రకం కంటే గుడ్డతో రుద్దే రకం సురక్షితం.

ఫ్లోరిన్ గల పూతలలో కొన్ని, ప్రకృతిలో తేలికగా విచ్ఛిన్నం కాని పీఫాస్ అనే రసాయనాల కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబంలోని పీఫాస్ ఆమ్లాలలో ఒకటైన పీఎఫ్‌ఓఏను స్టాక్‌హోమ్ ఒప్పందం 2019లో నిర్మూలించవలసిన పదార్థాల జాబితాలో చేర్చింది. పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం వంటి చిత్తడి నేలలకు సమీపంలో ఉండేవారు మిగిలిన ద్రవాన్ని కాలువలలో పోయరాదు. వాడిన గుడ్డలను చెరువుల వద్ద ఉతకరాదు.

నాటు పద్ధతులు

పూతలు వాడుకలోకి రాకముందు, వైపరు పనిచేయనప్పుడు లారీ, బస్సు చోదకులు పొగాకును గాని, కోసిన బంగాళాదుంపను గాని, సబ్బును గాని అద్దానికి రుద్దేవారు. ఇవి నీటిని వికర్షించవు. నీరు సమానంగా పరచుకొనేటట్లు చేసి అలలను తగ్గిస్తాయి. అంటే ఇవి జలవికర్షక పూతకు వ్యతిరేక దిశలో పనిచేసి అదే ప్రయోజనాన్ని కొద్దిసేపు ఇస్తాయి. వాన నీటికి అవి త్వరగా కొట్టుకుపోతాయి. కిరోసిన్, వంట నూనె వంటివి రుద్దడం ఇంకా హానికరం. అవి గాజుతో బంధం ఏర్పరచవు, ధూళిని పట్టి ఉంచుతాయి, రాత్రి ఎదుటి దీపాల వెలుగును అద్దమంతా పరుస్తాయి.

ప్రకృతిలో జలవికర్షణ

తామరాకు, చేమాకు వలెనే పక్షుల ఈకలు కూడా నీటిని వికర్షిస్తాయి. నేలపట్టులో గూళ్ళు కట్టే గూడబాతులు తోక మొదట ఉన్న గ్రంథి నుండి వచ్చే నూనెను ముక్కుతో ఈకలకు రాసుకుంటాయి. ఈకల సన్నని నిర్మాణం, ఈ నూనె కలిసి నీటిని లోపలికి పోనివ్వవు. అదే చోట కనిపించే నీటికాకుల ఈకలు పైభాగంలో కొంత తడుస్తాయి. అందుకే అవి నీటి నుండి బయటికి వచ్చిన తరువాత రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటాయి. పక్షి తన ఈకలను రోజూ సవరించుకుంటుంది. అద్దం మీది పూత తానుగా పునరుద్ధరణ చెందదు. నీరు గుండ్రని బొట్లుగా కాక సాగిన మరకలుగా నిలవడం మొదలైనప్పుడు, కడిగినా ఆ స్థితి మారనప్పుడు, పూత కాలం తీరినట్లు గుర్తించాలి.

ఇవి కూడా చూడండి

తలతన్యత
ఈశాన్య రుతుపవనాలు
పులికాట్ సరస్సు
సూళ్లూరుపేట
వైపరు